వరుస విడిచిన పెద్ద డ్రమ్ము

ఈస్టరు తరువాత వచ్చే తోమా ఆదివారం ప్రార్థన ముగిసిన పిదప వలనాదెస్ గ్రామ బ్యాండు సంఘం సాధనశాలలో హాజరైనవారు, కూర్చున్న క్రమంలో, వీరు. బల్ల వెనుక మధ్య కుర్చీలో, గౌరవాధ్యక్షుడి హోదాలో, నేను. నాకు కుడివైపున సంఘ కార్యదర్శి, మొదటి క్లారినెట్టు, హైస్కూలులో ప్రాచీన గ్రీకు బోధించే కల్యోపి గ్రమ్మెను. ఎడమవైపున కోశాధికారి. బల్లకు ఎదురుగా ఒక పక్క ఫిర్యాది, బ్యాండు మాస్టరు అవ్గుస్తినోస్ కురీస్; మరో పక్క ప్రతివాది, పెద్ద డ్రమ్ము వాయించే సోసిపాత్రోస్ మెతల్లినోస్. వారి వెనుక బ్యాండు యావత్తూ ఊరేగింపులో నడిచే వరుసలోనే కూర్చుంది: ముందు ఫ్లూట్లు, క్లారినెట్లు, తరువాత కార్నెట్లు, కొమ్ములు, ట్రాంబోన్లు, బరువైన ఇత్తడి వాద్యాలు, వాటి వెనుక చిన్న డ్రమ్ములు, అందరికంటే చివర కంచు తాళాలు వాయించే జంబేతా. ఆమె పక్క కుర్చీ ఖాళీ. అది సోసిపాత్రోస్‌ది.

ఆనాడు తేలవలసిన విషయం ఒక్కటే. అతడు ఆ ఖాళీ కుర్చీలోకి తిరిగి వెళ్ళడమా, లేక హెల్మెట్టూ యూనిఫారమూ అప్పగించి మెట్లు దిగిపోవడమా? గ్రీసుకు చెందిన మా కోర్ఫు ద్వీపంలో పుట్టినవారికి ఈ ప్రశ్న ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు. మా ఊళ్ళలో పిల్లవాడికి చదువు రాకముందే స్వరాలు వస్తాయి. బ్యాండులో చేరినవాడు చనిపోతే బ్యాండు అతని పేటిక వెనుక సమాధి దాకా నడుస్తుంది. సంఘం వెలివేసినవాడి వెనుక నడవదు. సోసిపాత్రోస్ బాల్యంనుంచీ ఆ డ్రమ్ము వెనుకే పెరిగాడు. కస్టమ్స్ శాఖలో ఉద్యోగం చేసినంత కాలమూ పెద్ద పండుగలకు ఏ ఓడరేవునుంచైనా సెలవు పెట్టి వచ్చి వాయించాడు. భార్య పోయినప్పుడు బ్యాండు నడిచింది. ఆనాడు కూడా డ్రమ్ము అతడే వాయించాడు.

అతని మీద వచ్చిన ఫిర్యాదు ఇది. ఈస్టరుకు ముందటి పెద్ద శుక్రవారం సాయంత్రం, క్రీస్తు అంత్యయాత్రగా మోసే పూల శయ్య ఊరేగింపులో, బ్యాండు శోకగీతం వాయిస్తూ బేకరీ దగ్గరి మలుపు తిరుగుతూండగా, పెద్ద డ్రమ్ము ఆగిపోయింది. సోసిపాత్రోస్ వరుసలోనుంచి పక్కకు తప్పుకున్నాడు. డ్రమ్ము మెడలో ఉండగానే సందులోకి నడిచి వెళ్ళిపోయాడు. అడుగు చెప్పేవాడు లేకపోయేసరికి ముందు వరుసలు ముందుకు సాగిపోయాయి, వెనుక వరుసలు నిలబడిపోయాయి. మా వెనుక శయ్య మోస్తున్నవారు చివరి వరుసను ఢీకొన్నారు. పురోహితుడు ఆగాడు. పాట మధ్యలో తెగింది. శయ్య వెనుక వస్తున్నది పక్క ఊరి బ్యాండు. వారిలో ఎవరో, ప్రార్థన సమయమని కూడా చూడకుండా, మా డ్రమ్ముకు ఆకలేసి ఇంటికెళ్ళిందా అని పరామర్శించారు. ఆ పరామర్శ ఈస్టరు గొర్రెపిల్ల మాంసం కంటే ముందుగా ద్వీపమంతటా పంపకమైంది.

ఎందుకు వెళ్ళావని మాస్టరు అడిగితే సోసిపాత్రోస్ తనకు పని పడిందన్నాడు. ఏం పని అని అడిగితే తన పని అన్నాడు. అంతకుమించి అతని నోటినుంచి ఎవరూ ఏమీ రాబట్టలేకపోయారు.

మా నిబంధనావళి ప్రకారం ఇటువంటి ఫిర్యాదును ఏడుగురు విచారించాలి: ముగ్గురు సంఘాధికారులు, చీటీలు తీసి ఎంపిక చేసిన నలుగురు సభ్యులు. ఈ ఏర్పాటు మా గ్రీసు దేశంలోని మిశ్రమ జ్యూరీ న్యాయస్థానాన్ని చూసి నేను ప్రవేశపెట్టినదే. అక్కడా ముగ్గురు న్యాయమూర్తులు, నలుగురు పౌరులు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. ఆ తరువాతే ఓటు. అటువంటి న్యాయస్థానానికి అధ్యక్షత వహిస్తూ నేను పదవీ విరమణ చేశాను. ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదువుతున్న రోజుల్లో పన్నెండుమంది సామాన్యులు న్యాయమూర్తి లేకుండా గదిలో కూర్చుని తీర్పు చెప్పే పద్ధతినీ దగ్గరగా చూశాను. రెండింటిలోనూ నాకు గౌరవమున్నది ఒకే అంశం మీద: ఓటు వేసేవాడు ముందు ఎదుటివాడి మాట వినాలి, తన మాట వినిపించాలి.

అయితే నిబంధనావళిలో మరో వాక్యం కూడా ఉంది. ప్రతివాది కోరితే బ్యాండు మొత్తం తీర్పు చెప్పవచ్చు. సోసిపాత్రోస్ దానినే కోరాడు. కల్యోపి టీచరు ముఖం వికసించింది. ప్రాచీన ఏథెన్సులో సైనికుడు వరుస విడిచి పారిపోయాడన్న నేరాన్ని అతనితో పాటు ఆ దండయాత్రలో నడిచిన సైనికులే విచారించేవారని, ఇది అక్షరాలా అటువంటి వ్యవహారమని, కాబట్టి పద్ధతి కూడా ఆనాటిదే అయితే న్యాయంగా ఉంటుందని ఆమె వాదించింది. చర్చలుండవు. ప్రశ్నలుండవు. ఇరువైపులా నీటి గడియారం కొలిచినంతసేపు మాట్లాడతారు; తరువాత అందరూ రహస్యంగా ఓటు వేస్తారు. శిక్ష చట్టంలో లేకపోతే ఫిర్యాది ఒక శిక్ష కోరతాడు, ప్రతివాది మరొకటి కోరతాడు; జ్యూరీ ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి, మధ్యేమార్గం లేదు.

నేను అభ్యంతరం చెప్పాను. మాట్లాడుకోకుండా వేసే ఓటు కళ్ళకు గంతలు కట్టుకుని చేసే సంతకం వంటిదన్నాను.

“మీ పద్ధతిలో మాత్రం ఏముందండీ ప్రెసిడెంటు గారూ?” అంది కల్యోపి. “ముగ్గురు పెద్ద జడ్జీలు పక్కన కూర్చుని దగ్గితే చాలు, ఆ నలుగురూ ఎటు చెయ్యెత్తాలో తెలిసిపోతుంది. పాతవాళ్ళు వందలమందిని ఎందుకు కూర్చోబెట్టారంటారు? కొనలేరు, బెదిరించలేరు, మొహం చూసి వెయ్యలేరు.”

న్యాయస్థానంలో నేను ఏనాడూ దగ్గలేదని చెప్పాను. సభలో కొందరు నవ్వారు. ప్రతివాది మనసు మార్చుకుంటాడేమోనని అతని వైపు చూశాను. “టీచరమ్మ చెప్పిందే బాగుంది. అడిగేవాళ్ళుండరు,” అన్నాడు సోసిపాత్రోస్. ప్రతివాది కోరిక చట్టబద్ధమైనప్పుడు అధ్యక్షుడికి ఇష్టాయిష్టాలు ఉండకూడదు. నేను ఒప్పుకున్నాను.

కల్యోపి ఏర్పాట్లు పొల్లు పోకుండా చేసింది. ఏథెన్సువారు ఓటుకు కంచు బిళ్ళలు వాడేవారు. ప్రతి బిళ్ళ మధ్యా చిన్న ఇరుసు, ఒకదానికి బోలుది, మరొకదానికి గట్టిది. బోలుది నేరం ఉందని, గట్టిది లేదని. ఇరుసు రెండు కొసలనూ వేళ్ళతో మూసి పట్టుకుంటే ఏది వేస్తున్నాడో పక్కవాడికి తెలియదు. మా దగ్గర కంచు బిళ్ళలు లేవు. క్లారినెట్ల మూతికి బిగించే రీడ్లు చెక్కుకునే రెల్లు ఉంది. రెల్లు ముక్కలు కోసి, సగం వాటిని మైనంతో మూసి, మనిషికి రెండేసి పంచారు. తీర్పుకు లెక్కించే ముక్క ఇత్తడి పాత్రలో, మిగిలినది చెక్క పెట్టెలో వేయాలి. నీటి గడియారానికి, పెద్ద శనివారంనాడు మా ఆచారం ప్రకారం బాల్కనీలలోనుంచి విసిరి పగలగొట్టగా మిగిలిన మట్టికుండ ఒకటి దొరికింది. అడుగున చిన్న రంధ్రం చేశారు.

మొదటి కుండ మాస్టరుది. ఆయన అభియోగం చదివి, సంఘం పరువు గురించి చెప్పి, ఈ బ్యాండులో కారణం చెప్పకుండా వరుస విడిచినవాడు ఇంతవరకూ లేడన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే కష్టం ఎక్కువగా ఉంది. ఆయనా సోసిపాత్రోసూ ఒకే బడిలో చదువుకున్నవారు. కుండలో నీళ్ళు మిగిలి ఉండగానే ఆయన కూర్చున్నాడు.

రెండో కుండ సోసిపాత్రోస్‌ది. అతడు లేచాడు. చేతులు వెనుకకు కట్టుకున్నాడు. “నేను వరుస విడిచిన మాట నిజం. డ్రమ్ముకి దెబ్బ తగలకుండా తెచ్చి మర్నాడు పొద్దున్నే అప్పగించాను,” అన్నాడు. అంతే. కూర్చోలేదు, మాట్లాడనూ లేదు. నియమం ప్రకారం నీరు ఆగేదాకా ఆ సమయం అతనిది. నీటి ధార రాగి పళ్ళెంలో పడుతూ ఉంది. సంగీతం తెలిసిన వారంతా తలలు వంచుకుని ఆ చప్పుడు విన్నారు. ధార చుక్కలయింది. చుక్కలు ఆగాయి. అప్పుడు అతడు కూర్చున్నాడు.

ఓటు వేయడానికి వరుసలు లేచాయి. ఊరేగింపులో నడిచినట్టే నడిచి, వేళ్ళతో కొసలు మూసుకుని, పాత్రలో ఒకటి, పెట్టెలో ఒకటి వేసి వెళ్ళారు. కొందరు మా వైపు చూసి చిరునవ్వు నవ్వారు కూడా. ఇదంతా కాసేపటి లాంఛనమని, సోసి బాబాయ్ ఒక్క గంటలో కింది కాఫీ దుకాణంలో మాతో అల్లం బీరు తాగుతూ ఉంటాడని అందరి ముఖాలూ చెబుతున్నాయి.

కోశాధికారి పాత్రను బల్ల మీద కుమ్మరించాడు. మైనం ముక్కలు ఒక పక్క, బోలు ముక్కలు ఒక పక్క పేర్చాడు. పేర్చేకొద్దీ అతని చేతి వేగం తగ్గింది. చివరికి ఎవరూ లెక్క అడగలేదు. బోలు ముక్కల కుప్ప రెండోదానికంటే రెట్టింపు ఉంది. నేరం రుజువైనట్టు ప్రకటించడం నా విధి కనుక ప్రకటించాను.

గదిలో ఒక్కసారిగా కలకలం లేచింది. ఎవరు వేశారని ఒకరినొకరు అడుగుతున్నారు. అడిగేవారిలో ప్రతివారికీ ఎదుటివాడి మీద అనుమానం. మాస్టరు ముఖం పాలిపోయింది. ముప్పై అయిదేళ్ళు న్యాయస్థానంలో గడిపిన నాకు ఓడిన ప్రతివాది ముఖం తెలుసు. గెలిచిన ఫిర్యాది ముఖం అంత దీనంగా ఉండడం మాత్రం అంతకుముందు చూడలేదు.

నియమం ప్రకారం శిక్ష దగ్గరకు వచ్చాము. అభియోగ పత్రంలో శిక్ష కూడా కోరాలి గనుక మాస్టరు ‘బహిష్కరణ’ అని ముందే రాసి ఉన్నాడు. పెద్ద శిక్ష కోరినా జ్యూరీ చిన్నదానికే దిగివస్తుందనుకుని రాశానని తరువాత నాతో అన్నాడు. ఇప్పుడు ప్రతివాది తనకు తగిన చిన్న శిక్షను తానే చెప్పుకోవాలి. ఒక ఋతువు పాటు వాయించకుండా ఉండడమో, హెల్మెట్లకు మెరుగు పెట్టడమో, ఏదో ఒకటి అంటే చాలు. ఆ గదిలో ప్రతి ఒక్కరూ దానికే ఓటు వేసేవారు.

“మాస్టరు రాసిందే సరైంది,” అన్నాడు సోసిపాత్రోస్. “నా తరపున వేరే ఏమీ లేదు.”

“బాబాయ్, ఏదో ఒకటి చెప్పు బాబాయ్,” అన్నాడు ట్రాంబోన్ల వరుసలోనుంచి బేకరీ లాంబ్రోస్. “రోజూ నా కొట్లో రొట్టెలు మొయ్యమన్నా మోస్తానని చెప్పు.”

“నీ రొట్టెలు తినడమే శిక్ష, మొయ్యడం కూడానా?”

ఎవరూ నవ్వలేదు. రెండు వైపులా ఒకే శిక్ష కోరినప్పుడు ఎంచుకోవడానికి ఏమీ లేదు. ఏథెన్సువారి పద్ధతిలో అధ్యక్షుడు న్యాయమూర్తి కాడు. సభ నడిపేవాడు మాత్రమే. దయ చూపే అధికారం అతనికి లేదు. నేను కల్యోపి వైపు చూశాను. ఆమె తన చేతులవైపు చూసుకుంటున్నది. సోసిపాత్రోస్ సంచీలోనుంచి హెల్మెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీది ఈకలు దువ్వి మరీ తెచ్చాడు. అంటే ఇంటినుంచి బయలుదేరేటప్పుడే అతనికి ఏం జరగాలో నిశ్చయమైపోయింది.

అప్పుడు చివరి వరుసలో కుర్చీ జరిగిన చప్పుడయింది. జంబేతా లేచి నిలబడింది. పట్నంలో పళ్ళ వైద్యురాలు. సాధనకు ఏనాడూ ఆలస్యంగా రాని మనిషి. ఆ గదిలో ఆమె గొంతు ఎవరూ పెద్దగా విని ఉండరు.

“ప్రెసిడెంటు గారూ, పాత పద్ధతిలో కావాలనుకున్నవాళ్ళెవరైనా ఫిర్యాదు చెయ్యొచ్చంటారు కదా?”

అవునన్నాను. అది ఆ వ్యవస్థకు పునాది. నేరం తమకు తగిలినా తగలకపోయినా, కోరిన పౌరుడెవరైనా అభియోగం తేవచ్చు.

“అయితే నేనొకటి చేస్తున్నా. బ్యాండులో వరుస తప్పిందని. నా మీదే.”

“డాక్టరమ్మా, మత్తుసూది నువ్వే పొడుచుకున్నావా ఏంటి?” అన్నాడు లాంబ్రోస్. అతడు భయం వేసినప్పుడు హాస్యమాడే మనిషి.

నేను కల్యోపిని సంప్రదించాను. తన మీద తానే అభియోగం తెచ్చుకున్నవారి గురించి ఆమె ఎక్కడా చదవలేదట. నిషేధించినట్టు చదివారా అని అడిగాను. లేదట. అయితే ఫిర్యాది మాట్లాడవచ్చని చెప్పాను. కుండలో నీళ్ళు పోయాలా అని కోశాధికారి అడిగితే అక్కరలేదన్నాను.

“తాళం డ్రమ్ము వెనకే నడవాలి. డ్రమ్ము పడ్డాక తాళం పడాలి. మాస్టరు గారు మాకు మొదటి రోజు నేర్పేది అదే,” అంది జంబేతా. “నేను రెండేళ్ళనుంచీ డ్రమ్ము కంటే రవ్వంత ముందు కొడుతున్నా. ప్రతి మార్చింగు పాటలోనూ. పొరపాటున కాదు, తెలిసే. మాస్టరు గారికి చెప్పలేదు.”

“నేను వినలేదే,” అన్నాడు మాస్టరు.

“మీకు వినపడకుండా కొట్టాను. పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేట్టు.”

“ఎందుకు?”

“అది చెప్పను. మాటిచ్చాను.”

సోసిపాత్రోస్ వెనుదిరగకుండానే అన్నాడు: “జంబేతా, కూర్చో.”

“కూర్చోను బాబాయ్.”

“నోరెత్తనని ఒట్టేశావు.”

“నీ గురించి ఎత్తనన్నాను. ఎత్తట్లేదు. నా చేతులు చేసిన పని చెప్పుకుంటున్నాను. తాళం తన వరుస తప్పితే ఒక శిక్ష, డ్రమ్ము తప్పితే ఇంకో శిక్ష ఉండదు కదా. ఆయన్ని పంపిస్తే నన్నూ పంపించాలి. నా హెల్మెట్టు కూడా తెచ్చుకున్నా.”

మాస్టరు నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. ఆయన మనసులో ఏదో మార్చింగు పాటను మొదటినుంచీ మళ్ళీ వింటున్నట్టు కనిపించింది. మా ఊళ్ళో పెద్ద శుక్రవారంనాడు కంచు తాళాలు మోగవు. వాటికి నల్లగుడ్డ చుట్టి, వాయించేవారు వాటిని గుండెకు ఆనించి మోసుకుని నడుస్తారు. నిరుడు ఆ రోజు వాన కురిసి ఊరేగింపు చర్చి దాటలేదు. అంటే ఈ రెండేళ్ళలో తాళం లేకుండా డ్రమ్ము ఒంటరిగా నడిచింది ఈసారే.

“ఆ రోజు నీ తాళాలకు గుడ్డ కట్టి ఉంది,” అన్నాడు మాస్టరు.

అందరి చూపులూ ఒక్కసారి సోసిపాత్రోస్ చేతులమీదికి వెళ్ళాయి. హెల్మెట్టు తీసిన క్షణం తప్ప ఉదయంనుంచీ అతడు వాటిని వెనుకకు కట్టుకుని ఉన్నాడన్న సంగతి అప్పుడుగాని మాకు తట్టలేదు.

తీర్పు తరువాత కొత్త సాక్ష్యం బయటపడితే విచారణ తిరిగి తెరవవచ్చునన్నది నేటి చట్టం. పాత పద్ధతి అందించగలిగినదంతా అందించిందని, ఇకపై ఈ రెండు వ్యవహారాలనూ కలిపి నిబంధనావళిలోని ఏడుగురి ముందు పెడుతున్నానని నేను ప్రకటించాను. కల్యోపి అభ్యంతరం చెప్పలేదు. ఫిర్యాది కనుక మాస్టరు తప్పుకున్నాడు. మా ముగ్గురితో పాటు చీటీలలో నలుగురి పేర్లు వచ్చాయి. అందులో లాంబ్రోస్ ఒకడు. వాద్యాలు భద్రపరిచే చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాము. న్యాయస్థానపు గదిలో మాట్లాడినది బయట చెప్పకూడదు. ఈ గదిలోనిది రాయడానికి ఏడుగురూ సమ్మతించారు గనుక రాస్తున్నాను.

వయసులో చిన్నవారు ముందు, పెద్దవారు తరువాత మాట్లాడాలన్నది నా పాత అలవాటు; పెద్దవారి ముఖం చూసి చిన్నవారు తడబడకూడదని. మొదటి ఇద్దరూ తాము బోలు ముక్క వేశామని తలలు దించుకుని చెప్పారు. మూడోవాడు లాంబ్రోస్.

“నేనూ అదే వేశా, ప్రెసిడెంటు గారూ. మిగతావాళ్ళంతా ఎలాగూ వదిలేస్తారు కదా, నాదొక్కటి పడితే మొండితనానికి చిన్న చురక తగులుతుందనుకున్నా. చురక వేద్దామనుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నా.”

“నేనూ అంతే,” అంది కల్యోపి. ఆమెది పెద్ద గొంతు; ఆ రోజు పక్కవాడికి మాత్రమే వినిపించింది. “ఇన్నేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను, రహస్య ఓటులో భయం ఉండదని. సిగ్గు కూడా ఉండదని చెప్పలేదు.”

ఆమె మాటను నేను కొంత సవరించవలసి వచ్చింది. భయం లేకపోవడం చిన్న మేలు కాదు. ఏ అధికారీ లొంగదీయలేని ఆ వందలమందిని మనం తేలికగా చూడకూడదు. కోరినవారెవరైనా లేచి నిలబడవచ్చునన్న వారి నియమమే లేకపోతే జంబేతా ఆ ఉదయం కూర్చునే ఉండేది. నేటి పద్ధతిలో అయితే ఆమె పేరు చీటీలో రాకపోతే గది తలుపు బయటే నిలబడేది. ఇంతమాత్రం అన్నాను. తరువాత ప్రతివాదులిద్దరినీ లోపలికి పిలిపించాను.

సోసిపాత్రోస్ వచ్చి నిలబడ్డాడు. ఈసారి చేతులు వెనుకకు కట్టుకోలేదు. కుడి చేయి తొడ పక్కన సన్నగా వణుకుతూ ఉంది. పాత పద్ధతిలో జ్యూరీలోని మనిషి అడగలేని ప్రశ్నను నేను అడిగాను: ఆ మలుపు దగ్గర ఏమి జరిగింది?

“కర్ర నా మాట వినలేదు,” అన్నాడు. “ఒక దెబ్బ లేటు. రెండోది ఇంకా లేటు. ముందూ వెనకా ఉన్నవాళ్ళంతా నన్నే నమ్ముకుని అడుగేస్తున్నారు, స్వామి శయ్య మోసేవాళ్ళతో సహా. నేనుంటే తప్పుడడుగు. నేను లేకపోతే అడుగే లేదు. రెండోదే మేలనుకున్నా.”

“ఆ మాట మాస్టరుతో ఎందుకు చెప్పలేదు?”

“చెబితే ఏం చేసేవారండీ? జాలిపడి డ్రమ్ము నాకే వదిలేసేవారు. వెలి తట్టుకోగలను. జాలి ఎక్కడ పెట్టుకోను?” తరువాత జంబేతా వైపు చూడకుండానే అన్నాడు. “ఈవిడొకతి. అడగలేదు, చెప్పలేదు, సాయం చేసేస్తుంది. ఒకరోజు ప్రాక్టీసులో కనిపెట్టి, నా చెయ్యి సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాను. తాళం సంగతి అడిగితే బుకాయించింది. పన్ను పీకేటప్పుడు కూడా నొప్పుండదనే చెబుతుంది.”

“నీకు ఉందా?” అంది జంబేతా.

“లేదు. అది వేరు.”

మేము ఏడుగురమూ చాలాసేపు మాట్లాడుకున్నాము. కోశాధికారి ఒక సంగతి లేవనెత్తాడు: వరుస విడిచిన మాట నిజమే కదా, ఊరేగింపు చెడిన మాటా నిజమే కదా, అది రాయకుండా ఎట్లా? న్యాయమైన ప్రశ్న. అందుకని అదీ రాశాము. అతడు వరుస విడిచాడు. తన ప్రాణమో సుఖమో చూసుకుని విడవలేదు. తన వలన వరుస తప్పుదారి పట్టకూడదని విడిచాడు. ముందుగా చెప్పకపోవడం అతని పొరపాటు. అడగకుండా శిక్షించబోవడం మా పొరపాటు. మొదటి తీర్పు రద్దు. ఈ వాక్యాలు రెల్లు ముక్కతో చెప్పగలిగేవి కావు. ఔనూ కాదూ తప్ప దానికి భాష లేదు. ఏడుగురమూ ఏకాభిప్రాయంతో సంతకాలు చేశాము.

బయటికి వచ్చి తీర్పు చదివాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టవద్దని నేను ముందే చెప్పాను. సోసిపాత్రోస్ తన హెల్మెట్టు తిరిగి తీసుకున్నాడు. డ్రమ్ము కర్రను మాత్రం తన దగ్గర ఉంచుకోలేదు. దాన్ని పట్టుకుని చివరి వరుస దాకా నడిచి జంబేతా ఒడిలో పెట్టాడు.

“రెండేళ్ళనుంచీ వాయిస్తున్నది నువ్వే,” అన్నాడు. “కానీ నీతో నాకు మాటల్లేవు. కనీసం వచ్చే ఆదివారం దాకా.”

“సరే బాబాయ్.”

“ఎడమవైపు తోలు కాస్త వదులు. ఎండలో పెట్టకు.”

“మాటల్లేవన్నావు.”

అతడు ఆమె పక్క కుర్చీలో, తన కుర్చీలో, కూర్చున్నాడు. పెద్ద శుక్రవారంనాడు నల్లగుడ్డ చుట్టిన తాళాలను మోసే పని అతనిదేనని, తక్కిన రోజుల్లో అదే వరుసలో సంఘ పతాకం పట్టుకుంటాడని మాస్టరు అక్కడికక్కడే నిర్ణయించాడు. దాని మీద ఓటింగు అవసరమని ఎవరికీ తోచలేదు.

జంబేతా తన మీద తెచ్చుకున్న అభియోగం మిగిలి ఉంది. ఏడుగురి సమితి దానిని విచారించి, తాళం డ్రమ్ము కంటే ముందు పడిందన్న వాస్తవాన్ని అంగీకరించి, శిక్ష అవసరం లేదని తీర్మానించింది. ఆ తీర్మానపు చివరి పేరాను సభ లేచి నిలబడి ఉండగా నేను చదివాను. ఇక్కడ దానిని యథాతథంగా ఇస్తున్నాను.

“వలనాదెస్ గ్రామ బ్యాండు సంఘ సభ్యురాలు, కంచు తాళాల వాయిద్యకారిణి జంబేతా మొనస్తిర్యోతు, తోటి సభ్యుడికి ఇచ్చిన మాట తప్పకుండానే అతని గౌరవాన్ని కాపాడడానికి, ఎవరూ తన మీద మోపని నిందను తానే మోపుకుని, సంఘంలో తన స్థానాన్ని కోల్పోవడానికి సిద్ధపడి, నిండు సభలో లేచి నిలబడినందుకు, ఆమె చేసిన ఈ పనిని సంఘం ఏకగ్రీవంగా గుర్తించి, గౌరవపూర్వకమైన కృతజ్ఞతతో నమోదు చేస్తున్నది.”